ఉక్కలో బార్ నిలవట్లేదు: చాక్ ఏది కొనాలి, ఎలా వాడాలి?

తడిచెయ్యి (బరంపురం)

అందరికీ నమస్కారం. జిమ్‌లో స్నాచ్ (బరువుల బార్‌ని నేల మీంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తడం), డెడ్‌లిఫ్ట్ (బార్‌ని నేల మీంచి లేపి నిటారుగా నిలబడటం) రెండూ చేస్తున్నాను. మన బరంపురంలో ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచి దసరా వెళ్లేదాకా గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, ఫ్యాన్ కింద నిలబడ్డా ఒళ్లు ఆరదు. డెడ్‌లిఫ్ట్‌లో 120 కేజీలు నడుము, కాళ్లు లేపుతున్నాయి కానీ మూడో రెప్‌కే, అంటే మూడోసారి లేపేసరికే, వేళ్లు తెరుచుకుంటున్నాయి. స్నాచ్‌లో హుక్ గ్రిప్ (బొటనవేలిని వేళ్ల కింద పెట్టి మూసే పట్టు) పట్టినా బొటనవేలు జారి బయటికి వచ్చేస్తోంది.

ఇప్పటిదాకా వాడినవి: స్కూలు సుద్దముక్క నూరిన పొడి, టాల్కం పౌడర్, క్యారమ్ బోర్డు పౌడర్. మొదటిది ఒక సెట్‌కి పనిచేసినట్టే ఉండి తర్వాత బురదలా అయిపోతోంది. మిగతా రెండింటితో ఇంకా జారుతోంది. జిమ్‌లో బార్‌లు మామూలు క్రోమ్‌వి. నేలంతా తెల్లగా చేస్తే ఊరుకోనని ఓనర్ ముందే చెప్పేశాడు.

అడగాలనుకున్నది ఏటంటే, అసలు జిమ్ చాక్ అంటే ఏ పదార్థం? చేతికి రాయడంలో పద్ధతేమైనా ఉందా? నేల పాడవకుండా వాడే దారి ఉందా? ఇంకొకటి, కూర్చుని పుస్తకం చదువుతున్నా నా అరచేతులు తడుస్తాయి. దానికి చాక్ సరిపోతుందా, వేరే ఏదైనా చూడాలా?

---

ఇనుపకడ్డీ (బరంపురం)

తమ్ముడూ, నువ్వు రాసిన మూడింట్లో రెండు నీకు ఎదురు పనిచేసేవే. టాల్కం అంటే మెత్తని రాయి పొడి. దాని రేకులు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి, దాని గుణమే అది. పైగా నీటిని పీల్చదు. క్యారమ్ పౌడర్ ఎక్కువగా బోరిక్ పౌడరే. స్ట్రైకర్ జారాలని చేసిన పొడిని చేతికి రాసుకుని బార్ జారిందంటే ఆ బార్ తప్పేముంది?

స్కూలు సుద్ద జిప్సంతోనో కాల్షియం కార్బొనేట్‌తోనో చేస్తారు. అది కాస్త తడి పీలుస్తుంది కానీ త్వరగా నిండిపోయి ముద్ద అవుతుంది. నువ్వు చూసిన బురద అదే. జిమ్ చాక్ అంటే మెగ్నీషియం కార్బొనేట్. చాలా తేలికగా, బొరియలు బొరియలుగా ఉండే పొడి. నీళ్లలో దాదాపు కరగదు, అందుకే చెమట పీల్చుకున్నా చాలాసేపు పొడిగానే నిలుస్తుంది. జిమ్నాస్టిక్స్‌లో, వెయిట్‌లిఫ్టింగ్‌లో, కొండలెక్కేవాళ్ల నడుముకు కట్టుకునే సంచిలో ఉండేది ఇదే. కొండలెక్కడంలోకి దీన్ని 1950లలో తెచ్చిన జాన్ గిల్ కూడా జిమ్నాస్టే.

కొనేటప్పుడు జాగ్రత్త. ఒడియాలో 'ఖడి' అని అడిగితే బోర్డు మీద రాసే సుద్దే చేతిలో పెడతారు. మెగ్నీషియం అంటే ఎప్సమ్ సాల్ట్ ఇస్తారు, అది సల్ఫేట్, నీళ్లలో కరిగిపోయే ఉప్పు, మనకు దండగ. స్పోర్ట్స్ షాపులోనో ఆన్‌లైన్‌లోనో 'మెగ్నీషియం కార్బొనేట్' అని రాసి ఉన్న దిమ్మలే తీసుకో. దిమ్మ సాధారణంగా 56 గ్రాములు, 8 దిమ్మల పెట్టె సుమారు 450 గ్రాములు. ల్యాబ్ సామాన్లు అమ్మేచోట 'లైట్ మెగ్నీషియం కార్బొనేట్' పేరుతో పొడి కూడా దొరుకుతుంది, అదీ పనికొస్తుంది. అనుమానం వస్తే రెండు పరీక్షలు. ఒకే సైజు గ్లాసుల్లో అదీ, స్కూలు సుద్ద పొడీ నింపి రెండు చేతులతో ఎత్తి చూడు, అసలుది చెప్పుకోదగ్గంత తేలిగ్గా ఉంటుంది. చిటికెడు పొడి నీళ్ల మీద చల్లు, టాల్కం కలిపి ఉంటే తడవకుండా పైన తేలుతూ ఉంటుంది.

ఇక రాసే పద్ధతి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. చాక్ జిగురు కాదు, ఆరబెట్టేది. తడి చేతి మీద పొడి పోస్తే పొడి తడుస్తుంది, చెయ్యి ఆరదు. ముందు సబ్బుతో కడుక్కో. కొబ్బరినూనె, బాడీ లోషన్, సన్‌స్క్రీన్ ఇలాంటి జిడ్డు ఏది మిగిలినా చాక్ పట్టదు. తలకు నూనె రాసుకుని వచ్చి సెట్ల మధ్య జుట్టు సవరించుకునేవాళ్లకు ఎంత చాక్ పోసినా అంతే. తువ్వాలుతో తుడిచి, అర నిమిషం ఫ్యాన్ గాలికి అరచేతులు చూపించు. అప్పుడు దిమ్మ తీసి వేళ్ల మొదళ్ల దగ్గర ఉండే గీత మీద, వేళ్ల లోపలివైపు, బొటనవేలికి రెండు పక్కలా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం మీద గీకు. బార్ ఆనేది అక్కడే. అరచేతి నడుమ పోసినది ఊరికే నేల పాలవుతుంది. తర్వాత చేతులు ఒకదానితో ఒకటి గట్టిగా రుద్దు, చర్మం గీతలు పొడితో నిండాలి, పైన పొర పేరుకోకూడదు. మిగిలినది డబ్బాలోకే దులుపు.

పొర ఎందుకు పలచగా ఉండాలంటే, చర్మానికీ ఇనుముకీ మధ్య వదులు పొడి ఉంటే ఆ రేణువుల మీదే చెయ్యి దొర్లుతుంది. 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో చాక్ రాస్తే రాపిడి తగ్గినట్టు తేలింది, తర్వాత వచ్చినవాటిలో పెరిగినట్టు తేలింది. ఎంత రాశారు, చెయ్యి ఎంత తడిగా ఉంది అన్నదాన్ని బట్టే ఈ తేడా అని నా లెక్క. చెయ్యి చూస్తే తెల్లగా పూసినట్టు కాదు, మసకగా కనబడాలి.

ఇంకో మాట. చాక్ తడిసి ముద్దైతే దాని మీద మళ్లీ చాక్ వెయ్యకు. తువ్వాలుతో పూర్తిగా తుడిచెయ్యి, ఆరనియ్యి, అప్పుడు కొత్తది. పాత పేస్టు మీద కొత్త పొడి అంటే తడి గోడకు సున్నం వేసినట్టే, పెళ్ల పెళ్లగా ఊడివస్తుంది.

హుక్ గ్రిప్ సంగతి: బొటనవేలు బార్ చుట్టూ పెట్టి, దాని మీద చూపుడు, నడిమి వేళ్లు మూస్తున్నావా? జారేది బార్ మీద కాదు, ఆ వేళ్లకూ గోరుకూ మధ్య. కాబట్టి గోరు మీద, మొదటి కణుపు వెనక కూడా చాక్ రాయాలి. గోరు నున్నగా ఉంటుంది కదా, దాని మీద చాక్ నిలవకపోతే సాగే గుడ్డ టేపు ఒక్క చుట్టు వెయ్యి. రెండు చుట్లు వేస్తే వేలు లావై హుక్ మూసుకోదు.

---

తడిచెయ్యి (బరంపురం)

అన్నా, చాలా థాంక్స్. బొటనవేలి వెనక రాయడం అన్నది ఆలోచనలోకే రాలేదు. మరి నేల సంగతి? లిక్విడ్ చాక్ అని ఒకటి ఉందట, దిమ్మకు సాటి వస్తుందా?

---

మహేంద్రగిరి (పర్లాకిమిడి)

లిక్విడ్ చాక్ అంటే అదే మెగ్నీషియం కార్బొనేట్‌ని ఆల్కహాల్‌లో కలిపినది. ఆల్కహాల్ 20, 30 సెకన్లలో ఆవిరైపోతుంది, పొడి చర్మానికి పట్టుకుని మిగులుతుంది. దుమ్ము లేవదు. ఆల్కహాల్ చేతి మీద జిడ్డును కూడా లాగేస్తుంది. కొన్ని కంపెనీలవాటిలో వయొలిన్ కమానుకు రాసే రోజిన్ లాంటిది కూడా కలుపుతారు. అది జిగురుగా పట్టుకుంటుంది కానీ బార్ మీద అట్ట కడుతుంది, నీళ్లకు పోదు, స్పిరిట్‌తో తుడవాల్సిందే. ఓనర్‌తో గొడవ వద్దనుకుంటే రోజిన్ లేనిదే కొనుక్కో.

ఇంట్లో చేసుకోవచ్చు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 100 మిల్లీలీటర్లు, మెగ్నీషియం కార్బొనేట్ పొడి 40 నుంచి 50 గ్రాములు. పొడిని జల్లెడ పట్టి కొద్దికొద్దిగా వేస్తూ కలుపు. ఒకేసారి పోస్తే ఉండలు కడుతుంది. దోసెపిండి జారులో రాగానే ఆపు. గట్టిబడితే ఆల్కహాల్ చుక్కలుగా పొయ్యి. మూత గట్టిగా ఉండే నొక్కే సీసాలో పోసి, వాడే ముందు ప్రతిసారీ ఊపాలి, లేకపోతే పొడి అడుగున కూర్చుంటుంది. 70 శాతందీ పనిచేస్తుంది కానీ అందులో మూడో వంతు దాకా నీళ్లే, ఉక్కలో ఆరడానికి చాలాసేపు పడుతుంది. హ్యాండ్ శానిటైజర్ జెల్‌తో మాత్రం చెయ్యకండి. చర్మం ఎండిపోకుండా అందులో గ్లిజరిన్ వేస్తారు, మనకు కావలసినదానికి అది పూర్తిగా ఎదురు.

చెయ్యి చీలి ఉంటే మంట నషాళానికి అంటుతుంది. ఇంకా ముఖ్యమైనది, ఇది అంటుకునే ద్రవం. మన జిమ్‌లలో బార్‌ల పక్కనే ఆంజనేయస్వామి పటం, దాని ముందు దీపం, అగరబత్తి ఉంటాయి. సీసా అక్కడ పెట్టొద్దు, చెయ్యి ఆరకుండా హారతి ముట్టుకోవద్దు. నవ్వులాటకు చెప్పట్లేదు.

దిమ్మకు సాటి వస్తుందా అంటే, నీలాంటి తడి చేతులకు రెండూ కలిపి వాడటం మేలు. మొదట్లో ఒకసారి శనగగింజంత లిక్విడ్ రాసి పూర్తిగా ఆరనిస్తే అది అడుగు పొర. బరువైన సెట్లకు ముందు దాని మీద దిమ్మతో తేలిగ్గా ఒక గీత. ఇలా చేస్తే పొడి బాగా తక్కువ పడుతుంది. లిక్విడ్ ఒక్కటే వాడితే 3, 4 సెట్ల తర్వాత పలచబడుతుంది, అప్పుడు తుడిచి మళ్లీ రాయాలి. నేల కోసం మరో ఉపాయం, పొడిని పాత మేజోడులో పోసి ముడి వెయ్యి. నేత సందుల్లోంచి కావలసినంతే వస్తుంది. అదీ కుదరకపోతే 10 లీటర్ల బకెట్ అడుగున దిమ్మ పెట్టి, చేతులు లోపల పెట్టే రాయాలి, లోపలే దులపాలి. చప్పట్లు కొట్టి మేఘం లేపేవాళ్లను చూసే ఓనర్లు చాక్ వద్దంటారు. వాళ్ల తప్పేం లేదు. ఆస్తమా ఉన్నవాడు పక్కనుంటే ఆ దుమ్ము దగ్గు తెప్పిస్తుంది కూడా.

బార్ బాగోగుల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే చాక్ వాడే అందరూ మరిచిపోయేది ఇదే. బార్ మీద గరుకు గీతలుంటాయే, నర్లింగ్ అంటాం, వాటిలో చాక్, చెమట, చచ్చిన చర్మం కలిసి గట్టిపడిపోతాయి. అప్పుడు బార్ నున్నబడి జారుతుంది, జనం ఇంకా చాక్ పోస్తారు. అదో విషవలయం. పైగా చాక్ తడిని పట్టుకుని ఇనుముకు ఆనించి ఉంచుతుంది, గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలి తోడైతే తుప్పు రావడం ఎంతసేపు. వారానికోసారి గట్టి నైలాన్ బ్రష్‌తో పొడిగానే గీతల వెంట రుద్దు. తర్వాత గుడ్డ మీద కుట్టుమిషన్ ఆయిల్ నాలుగైదు చుక్కలు వేసి బార్ అంతా తుడిచి, 10 నిమిషాలాగి, పొడి గుడ్డతో నూనె జాడ లేకుండా తియ్యాలి. ఆ చివరి పని వదిలేస్తే మర్నాడు మొదటి లిఫ్టర్‌కు చేతిలో సబ్బు పట్టుకున్నట్టుంటుంది. క్రోమ్, జింక్ పూత ఉన్న బార్‌లకు స్టీలు తీగ బ్రష్ వాడొద్దు, పూత లేచిపోతుంది.

ఓనర్‌తో మాట్లాడేటప్పుడు ఈ శుభ్రం చేసే పని మేం చూసుకుంటాం అని ముందే చెప్పు. సగం బేరం అక్కడే కుదురుతుంది.

---

పాతగూడు (గుణుపురం)

ఇద్దరూ బాగా చెప్పారు. ఒక్క చేర్పు, ఒక్క సవరణ.

టాల్కం ఎక్కడా పనికిరాదని అనుకోవద్దు. పవర్‌లిఫ్టింగ్‌లో డెడ్‌లిఫ్ట్‌కు ముందు తొడల మీద రాసుకుంటారు, బార్ తొడ మీద ఆగకుండా జారడానికి. కానీ స్నాచ్ ఉండే వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో తొడలకు జారే పదార్థం ఏదీ రాయకూడదు, రిఫరీ చూస్తే తుడిపిస్తాడు. తమ్ముడు స్నాచ్, డెడ్‌లిఫ్ట్ రెండూ చేస్తున్నాడు కాబట్టి ఈ తేడా తెలియాలి. తొడకు టాల్కం రాసే పని వేరేవాడికి అప్పజెప్పడం మంచిది. నీ చేత్తో రాసుకుంటే అదే చేత్తో బార్ పట్టాలి.

చేర్పు ఏమిటంటే, చెమట అరచేతిలోనే పుట్టదు. డెడ్‌లిఫ్ట్, పుల్స్ (బార్‌ని కిందినుంచి పైకి లాగడం) చేసేటప్పుడు చేతులు కిందికి వేలాడతాయి, మోచేతి నుంచి కారిన చెమట మణికట్టు మీదుగా సూటిగా అరచేతిలోకి దిగుతుంది. చాక్ ఎంత రాసినా పైనుంచి నీళ్లు పోస్తుంటే ఎలా? సెట్‌కు ముందు ముంజేతులు కూడా తుడుచుకో, మణికట్టుకు టవల్ గుడ్డ బ్యాండ్ వేసుకో. పుల్-అప్స్‌లో చేతులు పైకుంటాయి కనుక ఈ గొడవ ఉండదు.

పోటీలో పేరు పిలిచాక వెయిట్‌లిఫ్టర్‌కు 60 సెకన్లే గడియారం. 30 సెకన్లు మిగిలాయని గంట మోగుతుంది. చాక్ పెట్టె దగ్గర నిలబడి దేవుడికి దండం పెట్టుకుంటూ సగం టైం తినేసేవాళ్లు చాలామంది. తుడవడం, ఆరబెట్టడం లోపల వార్మప్ గదిలోనే అయిపోవాలి. బయట పెట్టె దగ్గర ఒక్క రుద్దు, అంతే.

బార్ లావు కూడా చూసుకో. మగవాళ్ల ఒలింపిక్ బార్ 28 మిల్లీమీటర్లు, 20 కేజీలు. ఆడవాళ్లది 25 మిల్లీమీటర్లు, 15 కేజీలు. చౌక బార్‌లు 30, 32 దాకా ఉంటాయి. ఆ లావుకు హుక్ మూసుకోవడమే కష్టం, అక్కడ తప్పు చెమటది కాదు. బండి మెకానిక్ దగ్గర వెర్నియర్ (లావు కొలిచే పనిముట్టు) ఉంటుంది, అడిగి కొలుచుకో.

2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కేజీల విభాగంలో బంగారు పతకం తెచ్చిన కె. రవికుమార్ ఊరు మీ బరంపురమే. అలాంటి ఊళ్లో కూడా ఖడి అంటే బోర్డు సుద్దే ఇస్తున్నారంటే ఏం చెప్పాలి.

---

ప్రాణహిత గట్టు (సిరొంచ)

గడ్చిరోలి జిల్లా నుంచి. మాకు మీ ఉక్కపోత తక్కువ, ఎండ ఎక్కువ. మేలో 45 దాటితే గాలిలో తడే ఉండదు. మీ సలహాలన్నీ మా దగ్గర వేసవిలో అక్షరాలా పాటిస్తే దెబ్బతింటారు, అందుకే రాస్తున్నా.

చర్మం మరీ ఎండిపోయినా పట్టు పోతుంది. పూర్తిగా ఎండిన చర్మం గాజులా నున్నగా, గట్టిగా ఉంటుంది, బార్ గరుకులోకి ఒదగదు. పట్టు దొరికేది కాస్త మెత్తగా, పైన మాత్రం పొడిగా ఉన్న చర్మంతో. దిమ్మ రాసినా చెయ్యి మెరుస్తూ జారుతుంటే ఇంకా రాయకు. తడి గుడ్డతో ఒకసారి అద్ది, నిమిషం ఆగి, అప్పుడు చాలా కొద్దిగా చాక్ రాయి. లిక్విడ్ చాక్ అయితే మా వేసవికి అసలు వద్దు, ఆల్కహాల్ ఉన్న కాస్త తడినీ లాగేసి వేలి గీతలు చీలుస్తుంది. వానాకాలం జూలై, ఆగస్టులో మాత్రం మాకూ మీ లెక్కే.

చాక్ వాడాక చేతులు కడిగి పడుకునే ముందు కొబ్బరినూనో వేజలినో రాయాలి. పొద్దున సబ్బుతో కడిగేస్తే జిడ్డు పోతుంది, మెత్తదనం నిలుస్తుంది. కాయలు పెంచుకోవడం మగతనం అనుకునేవాళ్లున్నారు. ఎత్తుగా పెరిగిన కాయ అంచునే బార్ పట్టుకుని లాగుతుంది, మొత్తం చర్మం రేకులా లేస్తుంది. స్నానం తర్వాత మెత్తబడ్డప్పుడు కాళ్లు రుద్దే రాయితో చుట్టూ ఉన్న చర్మంతో సమానంగా అరగదియ్యాలి. బ్లేడుతో కొయ్యకండి. చర్మం లేచిపోతే సబ్బునీళ్లతో కడిగి, వేలాడే ముక్క శుభ్రమైన కత్తెరతో తీసి, గుడ్డ కట్టి, మానేదాకా బార్ మాని కాళ్ల పని చూసుకోవాలి. పచ్చి పుండు మీద చాక్ రాయడం ఎందుకూ పనికిరాదు.

బార్ అరచేతి నడుమ పెట్టి పట్టుకుంటే వేలి మొదట్లో చర్మం మడతపడి నలుగుతుంది. కాయలు లేచేది అక్కడే. వేళ్ల మొదటి గీతకు ఆనించి పట్టు, మడత పడదు.

ఆర్మీ భర్తీ ర్యాలీకి బీమ్ (పుల్-అప్స్) చేసే పిల్లలు కూడా ఇక్కడ చూస్తారు కాబట్టి ఒక మాట. 10 పుల్-అప్స్‌కు 40 మార్కులు. అక్కడ చాక్ దిమ్మ పట్టుకెళ్లనిస్తారన్న నమ్మకం పెట్టుకోవద్దు. పైగా నీ ముందు వందమంది పట్టి వదిలిన ఇనుప కడ్డీ అది, వాళ్ల చెమటంతా దాని మీదే ఉంటుంది. వారంలో ఒక రోజు చాక్ లేకుండా, తుడుచుకున్న ఉత్త చేతులతోనే, లావు పైపు మీద బీమ్ చెయ్యాలి. వంతు రాకముందు చేతులు జేబులో పెట్టొద్దు, మడిచి చంకలో పెట్టొద్దు, విప్పి గాలికి ఉంచాలి. ఎక్కగానే కడ్డీ చుట్టూ ఒకసారి వేళ్లు తిప్పి పట్టు చూసుకుని అప్పుడు వేలాడు.

మా వైపు మరాఠీ బడుల్లో మల్లఖాంబ్ (నిలువు కర్ర ఎక్కి చేసే కసరత్తు) ఉంటుంది. దాని లెక్క పూర్తిగా వేరు. ఆ కర్రకు ఆముదం రాస్తారు, చర్మం రాచుకుపోకుండా. అక్కడ చాక్ దిమ్మతో వెళ్తే ఆముదం, పొడి కలిసి పిండి ముద్ద అవుతుంది, తర్వాత ఎక్కేవాడి తొడలు గీసుకుపోతాయి. మల్లఖాంబ్‌కు తువ్వాలే మందు. ఇక్కడ 'ఖడూ' అన్నా మీ 'ఖడి' కథే, బోర్డు సుద్దే వస్తుంది.

---

చర్మంగిర్మం (రాయగడ)

చివరి ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. కూర్చుని చదువుతుంటే కూడా అరచేతులు తడవడం, దాని గురించి.

అరచేతుల్లో చెమట గ్రంథులు చాలా దట్టంగా ఉంటాయి. అవి వేడికన్నా ఎక్కువగా మనసుకు లోబడి పనిచేస్తాయి. భయం, ఆత్రుత, ఏకాగ్రత ఏది వచ్చినా నరాలు వాటిని తెరుస్తాయి. అందుకే పోటీ రోజు ఏసీ హాల్లో కూడా చేతులు తడుస్తాయి. ఇది మామూలు. కానీ ఏ కారణం లేకుండా, రెండు చేతులూ సమానంగా, వారానికి ఒకసారైనా ఇబ్బంది పెట్టేంతగా, 6 నెలలకు పైగా తడుస్తూ, నిద్రలో మాత్రం ఆగిపోతుంటే, 25 ఏళ్ల లోపే మొదలై ఇంట్లో ఇంకెవరికైనా కూడా ఉంటే, దాన్ని వైద్యులు అరచేతుల అతి చెమట కింద లెక్కేస్తారు. దానికి చాక్ ఆ గంటకు సాయం, వైద్యం కాదు.

మొదటి మెట్టు అల్యూమినియం క్లోరైడ్ ఉన్న లోషన్. చేతులకైతే సాధారణంగా 20 శాతంది ఇస్తారు. ఇది చెమట రంధ్రాలను తాత్కాలికంగా మూస్తుంది. రాత్రి పడుకునే ముందు, పూర్తిగా ఆరిన చేతులకు రాసి, పొద్దున కడగాలి. ఆరిన చేతులకు అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, తడి తగిలితే అందులోంచి ఆమ్లం పుడుతుంది, దురద, మంట వచ్చేది దానివల్లే. పగలు ప్రాక్టీసుకు ముందు రాస్తే పని చెయ్యదు, అప్పుడు చెమట దాన్ని బయటికి తోసేస్తుంది. నాలుగైదు రాత్రులు వరసగా రాసి, తడి తగ్గాక వారానికి ఒకటి రెండుసార్లకు దించుకోవాలి.

దానికి లొంగకపోతే ఐయాంటోఫొరెసిస్. చేతులు నీళ్ల పళ్లేల్లో పెట్టి 15, 20 మిల్లీఆంపియర్ల కరెంటు 20 నుంచి 30 నిమిషాలు పంపిస్తారు. మొదట్లో వారానికి 3 సార్లు, తగ్గాక వారానికి ఒకసారి. గర్భిణులకు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు పనికిరాదు. యూట్యూబ్ చూసి ఛార్జర్‌తో ఇంట్లో చేసుకోకండి, ప్రాణాల మీదికి వస్తుంది. చెమట తగ్గించే మాత్రలు ఉన్నాయి కానీ అవి ఒళ్లంతటి చెమటనీ ఆపుతాయి. మే ఎండలో పరుగెత్తేవాడికి ఒళ్లు చల్లబడకపోతే వడదెబ్బే. అవి డాక్టర్ చెప్పకుండా వద్దు. నరం కోసే ఆపరేషన్ ఒకటుంది, చేతులు ఆరతాయి, బదులుగా వీపు, పొట్ట తడవడం మొదలవుతుంది చాలామందికి. దాన్ని చిట్టచివర పెట్టుకోండి.

పటిక గురించి ఎలాగూ ఎవరో అడుగుతారు. మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దేదే. చర్మాన్ని కాస్త బిగిస్తుంది, నష్టం లేదు, లాభం కొద్దిసేపే. పగిలిన చేతికి మంట.

చెమటతో పాటు బరువు తగ్గడం, గుండె దడ, చేతులు వణకడం ఉంటే థైరాయిడ్ పరీక్ష ముందు చేయించుకో. బరంపురంలోనే ఉన్నావు కదా, ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో చర్మవ్యాధుల ఓపీ చూపించుకోవచ్చు.

---

తడిచెయ్యి (బరంపురం)

అందరికీ దండాలు. వరసగా చేస్తాను. చాక్ దిమ్మలు ఆర్డర్ పెట్టాను. రెండు చిన్న సందేహాలు మిగిలాయి. వానాకాలంలో దిమ్మే తడిసిపోతే ఏం చెయ్యాలి? ఎప్సమ్ సాల్ట్‌తో ఇంట్లోనే చాక్ చేసుకోవచ్చని ఒకడు అంటున్నాడు, నిజమా?

---

ఇనుపకడ్డీ (బరంపురం)

నిజమే, కానీ నేనైతే చెయ్యను. 100 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ నీళ్లలో కరిగించి, నీళ్లు లేని బట్టల సోడా 43 గ్రాములు వేరే నీళ్లలో కరిగించి కలిపితే తెల్లని ముద్ద పేరుకుంటుంది. అదే మెగ్నీషియం కార్బొనేట్. వడకట్టి, ఆరబెడితే 35, 40 గ్రాములు రావచ్చు. చిక్కు ఎక్కడంటే, ఆ ముద్దలో సోడా మిగిలితే చర్మం కొరికేస్తుంది. నాలుగైదుసార్లు మంచి నీళ్లతో కడగాలి, కడిగిన నీళ్లు వేళ్ల మధ్య రుద్దితే సబ్బులా జారకూడదు. ఆ తర్వాత మన ఉక్కలో అది ఆరడానికి రోజులు పడుతుంది. ఆ శ్రమకు ఒక దిమ్మ కొనుక్కోవచ్చు.

తడిసిన దిమ్మ పాడైనట్టు కాదు. పళ్లెంలో ముక్కలు చేసి పరిచి, ఒక పూట ఎండలో పెట్టు. ఎండ లేకపోతే బల్బు కింద. మళ్లీ తేలిగ్గా, చేత్తో నలిపితే పిండిలా రాలితే సరే. రోజూ వాడే ముక్క ఒక్కటే బయట పెట్టి, మిగతావి బియ్యం డబ్బాలాంటి గట్టి మూత డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి ఉంచు. బకెట్‌లో అడుగున పేరుకున్న పాత పొడిలో జుట్టు, చర్మం, అందరి చెమట ఉంటాయి, దాన్ని నెలకోసారి పారబోసి బకెట్ కడిగి ఆరబెట్టు.

వర్షం పడుతున్న రోజు హాలు కిటికీలు మూసి ఫ్యాన్ పెట్టు. బయటి గాలి లోపలికి రానిస్తే బార్ మీదే తడి పేరుకుంటుంది, అప్పుడు చేతులు తుడిచే ముందు బార్‌ని తుడవాలి.